ముందు రేవు, ఆ తర్వాతే రాజ్యం

ప్రశ్న: మేము ఐదుగురు మిత్రులం. హైదరాబాద్‌లో రెండేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు ఎవరో ఒకరి ఇంట్లో కూడి డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. తలా ఒక పాత్రను పట్టుకుని, పాచికలు వేస్తూ, మాటలతోనే కథ నడిపే ఆట అది. ఇన్నాళ్లూ అచ్చులో దొరికే సాహసాలనే ఆడాం. ఈసారి గేమ్ మాస్టర్ బాధ్యత, అంటే లోకాన్ని వర్ణించి కథను నడిపించే పని, నాకు వచ్చింది. సొంత లోకాన్ని తయారు చేద్దామని ఆరు నెలలు కూర్చుని పన్నెండు మంది రాజులు, మూడు యుద్ధాలు, ఇరవై మంది దేవతలతో నలభై పేజీలు రాశాను. అందరికీ పంచితే ఎవరూ నాలుగో పేజీ దాటలేదు. పాత్రల సంగతీ అలాగే ఉంది. ఒక మిత్రుడు ఐదు పేజీల జీవితచరిత్ర రాసుకొచ్చాడు, మరొకడు ‘అనాథ, ఊరు తగలబడింది, పగ’ అని మూడు ముక్కలు రాసి ఊరుకున్నాడు. ఇది పూర్తయ్యాక విశాఖపట్నంలో జరిగే సూపర్‌హీరో ఆట ఆడదామని మాలో ఆ ఊరి అమ్మాయి పట్టుబడుతోంది. మన నేల మీద కథ పెడితే పౌరాణిక నాటకంలా తయారవుతుందేమోనని మరొకరి సందేహం. పాత్రలనూ లోకాన్నీ కల్పించడం ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ముందుగా ఒక మాట. ఆ నలభై పేజీలను పారేయకండి, అలాగని మళ్లీ ఎవరికీ పంచకండి. అవి మీకోసం రాసుకున్నవి, మీ లోకం మీద మీకు నమ్మకం కలగడానికి అక్కరకొచ్చాయి, ఇకముందు కూడా వస్తాయి. బల్ల దగ్గర కూర్చున్న మిత్రుడికి మాత్రం ఆ క్షణంలో తెలియవలసినవి వేరు. తన పాత్రకు ఎదురుగా నిలబడినది ఎవరు, ఆ మనిషికి ఏం కావాలి, తను కాదంటే ఏమవుతుంది అన్నవే అతనికి కావాలి. మీ పన్నెండు మంది రాజుల్లో తొమ్మిదోవాడు ఎవరిని ఓడించాడో తెలిసినంత మాత్రాన వీటిలో దేనికీ జవాబు దొరకదు. అందుకే మీ వాళ్లు నాలుగో పేజీ దగ్గర ఆగిపోయారు. అందులో వాళ్ల తప్పు లేదు, మీ రాతలోనూ తప్పు లేదు.

నేను మొదటిసారి గేమ్ మాస్టర్‌గా కూర్చున్నప్పుడు ఏడు తరాల రాజవంశాన్ని రాసుకుని వెళ్లాను. కథ రాజధానిలో మొదలు కావాలి, దారిలో ఒక ఏరు దాటాలి. ఆ ఏటిని ఒక్క వాక్యంలో దాటించి ముందుకు పోదామనుకున్నాను. ఆడుతున్నవాళ్లలో ఒకావిడ పడవవాడిని ‘రాత్రిపూట కూడా దాటిస్తావా?’ అని అడిగింది. నా కాగితాల్లో దానికి జవాబు లేదు. నోటికి వచ్చినట్టు ‘అమావాస్యనాడు దాటించనమ్మా’ అన్నాను. ఎందుకని అడిగింది. ‘ఆ రాత్రి అవతలి ఒడ్డున ఎక్కేవాళ్లు కూలి ఇవ్వరు’ అన్నాను. ఆ మాటకు బల్ల చుట్టూ ఉన్న నలుగురూ ఒక్కసారి ముందుకు వంగారు. మిగిలిన మూడు గంటలూ ఆ రేవులోనే గడిచాయి. ఆ తర్వాత రెండేళ్లపాటు సాగిన ఆటలో నా ఏడు తరాల రాజుల్లో ఒక్కరి పేరు కూడా ఎవరి నోటా రాలేదు. పడవవాడు మాత్రం చివరి రోజు వరకూ ఉన్నాడు. అతనికి ఒక పని ఉంది, ఆ పనిలో తనకు తాను పెట్టుకున్న కట్టడి ఉంది, ఆ కట్టడి వెనక చెప్పకుండా దాచిన భయం ఉంది. రాజులకు నేను ఇచ్చినవి పేర్లూ సంవత్సరాలే.

ఈ ఆటల పుట్టుక కూడా ఇలా చిన్నచోటునుంచే జరిగింది. 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే యుద్ధక్రీడల అభిమాని, సైన్యాలను నడిపే ఆటలో ఒక మార్పు చేశాడు. నెపోలియన్ కాలపు ఒక కల్పిత ప్రష్యా పట్టణాన్ని తీసుకుని, ఆడేవాళ్లకు పటాలాలకు బదులు మనుషులను అప్పగించాడు. ఒకరు నగర పెద్ద, ఒకరు విశ్వవిద్యాలయాధిపతి, మరొకరు ఇంకొకరు. ఒక్కొక్కరికీ సొంత లక్ష్యం ఒకటి. ఆ పట్టణం పేరు బ్రౌన్‌స్టైన్. ఆ ఆట ఆడిన డేవ్ ఆర్నెసన్ బ్లాక్‌మూర్ అనే తన కల్పిత లోకాన్ని ఒక కోట, దాని కింది నేలమాళిగలు, పక్కనే ఉన్న ఊరితో మొదలుపెట్టాడు. గ్యారీ గైగాక్స్ అనే మరొకాయన కల్పించిన గ్రేహాక్ లోకం కూడా మొదట ఒక కోట కింది సొరంగాలే. ఆడేవాళ్లు బయటికి వచ్చి ఏదైనా కొనాలనుకున్నప్పుడు ఊరు కావలసి వచ్చింది, ఊరు దాటి పోదామన్నప్పుడు రాజ్యం కావలసి వచ్చింది. ఆ ఇద్దరూ కలిసి రూపొందించగా 1974లో వెయ్యి ప్రతులతో తొలిసారి అచ్చయిన ఆటే మీరు ఆదివారాలు ఆడుతున్నది. అందులోని లోకం అవసరాన్ని బట్టి బయటికి పెరుగుతూ పోయింది, ఎవరూ దాన్ని ముందుగా పైనుంచి కిందికి గీసి పెట్టలేదు.

ఇక మన నేల సంగతి. పౌరాణికంలా ఉంటుందన్న మీ మిత్రుడి భయానికి కారణం, మన గతం అనగానే సింహాసనాలూ కిరీటాలూ గుర్తుకు రావడమే. సింహాసనం దగ్గర మొదలుపెడితే నిజంగానే అలాగే తయారవుతుంది. మరో తలుపు ఉంది. ఈ మధ్య నా మనసులో బాగా తిరుగుతున్న ఒక చోటును మీ ముందు పెడతాను.

ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలో మోటుపల్లి అనే ఊరుంది. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది. అభయ శాసనమని దానికి పేరు. పూర్వపు రాజులు తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవన్నీ బలవంతంగా తీసుకునేవారని, తాము మాత్రం దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా ఆ వర్తకులకే వదిలేస్తున్నామని దాని సారాంశం. ప్రాణంకన్నా ధనమే విలువైనదనుకుని సముద్రయానమంతటి సాహసానికి దిగినవాళ్లు కదా అని ఒక కారణం కూడా అందులో చెప్పారు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయింట ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టు, మిరియాలు వంటి సరుకుల ప్రస్తావన విడివిడిగా ఉంది.

దీన్ని ఒక పాఠంగా చదివితే మంచి రాజు ఒకడు కనిపిస్తాడు. గేమ్ మాస్టర్‌గా చదివితే, ఆ శాసనం చెక్కిన మర్నాడు ఆ తీరంలో నష్టపోయినవాళ్లు ఎవరన్న ప్రశ్న కనిపిస్తుంది. నిన్నటిదాకా పగిలిన ఓడ మీద తొలి హక్కు తనదనుకున్న స్థానిక నాయకుడు ఉన్నాడు. తుపాను మర్నాడు ఒడ్డున ఏరుకున్న చెక్కముక్కలతో, గుడ్డ తానులతో ఏడాది గడుపుకునే బెస్త కుటుంబాలున్నాయి. ఏది సుంకానికి లెక్కకు వస్తుందో ఏది రాదో తేల్చే సుంకరి ఉన్నాడు, అతని తూకపు రాళ్లున్నాయి. సరుకు దొరికింది కానీ యజమాని మునిగిపోయాడు, అతని భాష తెలిసినవాడు రేవులో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడికీ ఆ యజమాని బాకీ. ఇక్కడ ఎక్కడా రాక్షసుడు లేడు, ఇంకా మాయ లేదు. అయినా మీ మిత్రులు కత్తి తీయాలా, మాట్లాడాలా, రాత్రికి రాత్రి మూట దాచాలా అని తర్జనభర్జన పడటానికి కావలసినంత ఉంది.

ఈ రేవును మీరు తీసుకోండి, అయితే పేరు మార్చండి. అసలు పేరు ఉంచితే ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఫోన్ తీసి సంవత్సరాలు సరిచూస్తారు, మీరు చరిత్ర పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. పేరు మార్చాక ఒకే ఒక్క మాయను అందులో పెట్టండి. ఉదాహరణకు ఇలా: మునిగిన ఓడలోని సరుకును సుంకం కట్టకుండా ఇంటికి పట్టుకుపోతే ఆ ఇంటి బావి నీళ్లు ఉప్పగా మారతాయి. అంతే. ఎందుకో ఎవరికీ తెలియదు, మీకు కూడా ఇప్పుడే తెలియనక్కరలేదు. ఈ ఒక్క నియమం ఊరిని ఎంత మార్చేస్తుందో చూడండి. ఇంటికి వచ్చిన చుట్టానికి మంచినీళ్లు ఇవ్వడానికి తటపటాయించిన ఇల్లాలిని ఊరంతా అనుమానంగా చూస్తుంది. ఎదుటివాడి బావిలో రాత్రిపూట ఉప్పు పోసి పరువు తీసేవాళ్లు బయలుదేరుతారు. మంచినీళ్లు అమ్మేవాడు ధనవంతుడవుతాడు. సుంకరి ఇంటి బావి మీద ఎప్పుడూ మూత ఉంటుంది. ఇరవై మంది దేవతల కథలు చెప్పినా కలగని ఆసక్తి, ఒక మనిషి చెంబెడు నీళ్లు నోట్లో పోసుకుని మొహం చిట్లించిన దృశ్యంతో కలుగుతుంది.

పెద్ద లోకం రాసుకున్నవాళ్లు దాన్ని ఆడేవాళ్లకు ఎలా అందించాలన్న చిక్కుకు పాత పరిష్కారం ఒకటుంది. 1975లో వచ్చిన ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్ అనే ఆటలో లోకం చాలా పెద్దది, దానికి సొంత భాషలు, లిపులు, మతాలు ఉన్నాయి. ఆడేవాళ్లు అదంతా చదివి రావలసిన పని లేకుండా, వాళ్ల పాత్రలు చిన్న పడవలో జకాల్లా అనే రేవు నగరానికి కొత్తగా వచ్చి దిగిన పరదేశులుగా మొదలవుతాయి, విదేశీయుల పేటలోనే ఉండవలసి వస్తుంది. పాత్రకు తెలియనిది ఆటగాడికీ తెలియదు కాబట్టి ఇద్దరూ కలిసే నేర్చుకుంటారు. మీ నలభై పేజీలకు ఇదే దారి. మీ నలుగురిలో కనీసం ఇద్దరు ఆ రేవుకు కొత్తవాళ్లయితే, మీ రాజుల కథలు వాళ్లు అడిగినప్పుడు, అడిగినంత మేరకు, ఎవరో ఒక సత్రం ముసలమ్మ నోట బయటికి వస్తాయి. ఆమె రెండు తరాలు తప్పు చెప్పినా పరవాలేదు, అసలు సంగతి మీ దగ్గర రాసి ఉంది.

పాత్రల విషయానికి వద్దాం. ఐదు పేజీల మిత్రుడినీ మూడు ముక్కల మిత్రుడినీ మీరు వేరువేరు సమస్యలుగా చూస్తున్నారు కానీ నాకు ఇద్దరిదీ ఒకే సమస్యగా కనబడుతోంది. ఇద్దరి కథలూ ఆట మొదలవకముందే ముగిసిపోయాయి. ఐదు పేజీల్లో గురువు చనిపోయాడు, ప్రేమ విఫలమైంది, శత్రువును చంపేశాడు; ఇక బల్ల దగ్గర చేయడానికి ఏం మిగిలింది? మూడు ముక్కల్లో ఊరే లేదు, మనుషులే లేరు; తిరిగి వెళ్లడానికి చోటు లేదు. మొదటి మిత్రుడిని తన ఐదు పేజీలు చదువుకుని, ఇంకా తేలని సంగతులున్న వాక్యాల కింద మాత్రమే గీత పెట్టమనండి. బహుశా నాలుగు వాక్యాలు దొరుకుతాయి. ఆ నాలుగే అతని పాత్ర, మిగిలినది అతను ప్రేమతో రాసుకున్న నేపథ్యం, అది అతని దగ్గరే భద్రంగా ఉంటుంది.

రెండో మిత్రుడిని చిన్నబుచ్చకండి. అనాథ పాత్రను చాలామంది ఎంచుకునేది సోమరితనంతో కాదు. తల్లినో చెల్లినో రాస్తే గేమ్ మాస్టర్ వాళ్లను అపహరింపజేస్తాడని, చంపేస్తాడని భయం. ఆ భయం తీర్చడం మీ పని. ‘నీ వాళ్లను నిన్ను అడగకుండా చంపను’ అని ముందే మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. ఆ తర్వాత అడగండి: ఊరు తగలబడింది సరే, ఆ రోజు నువ్వు ఊళ్లో ఎందుకు లేవు? నీతోపాటు బతికిన ఇంకొకరు ఎవరు? ఆ మనిషి నిన్ను చూస్తే తల తిప్పుకుంటారా, కావలించుకుంటారా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పేలోపే ఆ పాత్రకు ప్రాణం వస్తుంది.

అంకెలను కూడా కథకు వాడుకోండి. మీరు ఆడుతున్న ఐదో ఎడిషన్ అయితే పాచికలు వేయకుండా 15, 14, 13, 12, 10, 8 అనే ఆరు అంకెలను బలం, వివేకం వంటి ఆరు శక్తులకు పంచుకునే పద్ధతి ఒకటుంది. అందరూ 15 ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తారు, 8 దేనికి అక్కరలేదో దానికి విసిరేస్తారు. నేను 8తోనే మొదలుపెట్టమంటాను. మన రేవుకు సరిపోయే ఒక పాత్రను ఇప్పుడే తయారు చేసి చూపిస్తాను. పేరు మైలమ. రేవుకు పడమరగా, రెండు రోజుల నడక దూరంలో ఉన్న ఒక చెరువు కింది ఊరి నీరటికాడి కూతురు. నీరటికాడంటే ఏ పొలానికి ఎప్పుడు ఎంత నీరు వదలాలో చూసేవాడు, తూము అతని చేతిలో ఉంటుంది. ఆటలో ఆమె డ్రూయిడ్, అంటే ప్రకృతి శక్తులతో మాయ చేసే మనిషి, నీటి మాట వినగలదు, వివేకం 15. బలం 8. ఇప్పుడు ఆ 8ని తీసుకుని ఆలోచించండి. ఒక ఎండాకాలం రాత్రి, తండ్రి జ్వరంతో పడుకుని ఉండగా, మేనమామ పైరు ఎండిపోతోందని ఆమె, అతని వంతు కాని వేళలో తూము ఎత్తింది. బలం 8 ఉన్న మనిషి తూము మూతను ఒంటరిగా ఎత్తలేదు. అంటే ఆ రాత్రి ఆమెకు మరొకరు సాయం చేశారు. ఆ మనిషికి ఆమె రహస్యం తెలుసు. ఆ మనిషి ఇప్పుడు ఇదే రేవులో ఉన్నాడు. బయటపడకుండా కాపాడమని ఆమె ఆ రాత్రి కట్టమైసమ్మకు మొక్కుకుంది, అమ్మ కాపాడింది, మొక్కు తీర్చాలంటే అందరి ముందు నిజం ఒప్పుకోవాలి కాబట్టి ఆమె ఊరు విడిచి వచ్చేసింది.

ఇదంతా ఒక పేజీలో సగం కూడా లేదు. అయినా ఇందులో తీరని మొక్కు ఉంది, తెలిసిన సాక్షి ఉన్నాడు, తండ్రి బతికే ఉన్నాడు, చేతిలో ఒక విద్య ఉంది, ఆ విద్యకు ఉప్పుబావుల రేవులో గిరాకీ ఉంది. ఇప్పుడు మీ రెండో మిత్రుడి దగ్గరికి వెళ్లి, ఆ రాత్రి నీరు అందక ఎండిపోయిన కింది ఊరు, ఆ తర్వాత కొట్లాటల్లో తగలబడిన ఊరు అతనిదే అయితే ఒప్పుకుంటాడా అని అడగండి. ఇద్దరూ సరేనంటేనే చేయండి. సరేనన్నారా, మీ ఆటకు మొదటి ఏడాది కథ అక్కడే ఉంది, మీరు ఒక్క రాజును కూడా పిలవనక్కరలేదు.

పేర్ల గురించి క్లుప్తంగా. బల్ల దగ్గర నోటితో పిలవగలిగిన పేరే మంచి పేరు. పాత శాసనాల్లో కనిపించే ప్రోలయ, బేతయ, కాటయ, మైలమ వంటి పేర్లు రెండు మూడు అక్షరాల్లో ముగుస్తాయి, వినగానే కాలం మారినట్టు అనిపిస్తుంది, పౌరాణికపు బరువు ఉండదు. ఎవరైనా ఇంగ్లిష్ ఫాంటసీ పేరే కావాలంటే ఆ పాత్రను ఓడ దిగిన పరదేశిని చేయండి, రేవు ఉన్నది అందుకే కదా.

రెండు విషయాల్లో మాత్రం తొందరపడకండి. ఒకటి దేవుళ్లు. 1980లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ కోసం వచ్చిన దేవతల గ్రంథంలో మన ఇంద్రుడికీ విష్ణువుకూ కూడా ప్రాణబలం ఇంత, ఆయుధం దెబ్బ ఇంత అని అంకెలు వేశారు. రోజూ దీపం పెట్టేవాళ్లు మీ బల్ల దగ్గర ఉంటే, దేవుడిని చంపగలిగే ప్రాణిగా ఒక పట్టికలో చూడటం బాధ కలిగించవచ్చు, ఆ బాధను తేలిగ్గా తీసుకోకూడదు. మొక్కు, ముడుపు, జాతర, శకునం, కట్ట మీద పసుపు రాసిన రాయి వంటివి మనుషులు చేసే పనులు. అవి ఉంటే చాలు, దేవత ఉన్నట్టే ఉంటుంది, ఆమెకు అంకెలు అక్కరలేదు. రెండోది కులం. ఊరు, చెరువు, బావి అన్నాక అది లేదనడం అబద్ధం. ఎవరి బావిలో ఎవరు నీళ్లు తోడుకోవచ్చన్న మాట మన ఉప్పుబావుల కథలో మొదటి సాయంత్రమే వస్తుంది. దాన్ని కథలోకి తెస్తారా, తెస్తే ఎంతవరకు, ఎవరి పాత్ర మీద ఏ మాటలు పడకూడదు అన్నవి ఆట మొదలవకముందే, పాచికలు తీయకముందే, అందరూ కూర్చుని తేల్చుకోండి. ఆడేవాళ్లు సెషన్ జీరో అనే తొలి సమావేశం ఇందుకోసమే. ఈ విషయంలో బల్ల దగ్గర అందరికన్నా తక్కువ మాట్లాడేవాళ్ల మాటకే ఎక్కువ బరువు ఇవ్వండి.

సూపర్‌హీరో ఆటకు వస్తే, మీరు తెలుసుకోవలసిన పాత ఆట ఒకటుంది. జార్జ్ మెక్‌డొనాల్డ్, స్టీవ్ పీటర్సన్ కలిసి 1981లో తెచ్చిన ఛాంపియన్స్. అందులో శక్తులను పాయింట్లతో కొనుక్కోవాలి. మొదట చేతికిచ్చే 100 పాయింట్లు గొప్ప వీరుడికి సరిపోవు. మిగిలినవి కావాలంటే బలహీనతలు రాసుకోవాలి: వెంటాడే శత్రువు, కాపాడుకోవలసిన ఆప్తులు, దాచుకోవలసిన అసలు పేరు, మనసులోని పట్టింపులు. బలహీనతకు పాయింట్లు ఇవ్వడంతో ఆగకుండా, అది కథలో ఎంత తరచుగా రావాలో కూడా ముందే నిర్ణయిస్తారు. ప్రతి సెషన్‌కు ముందు మూడు పాచికలు వేస్తారు. శత్రువు పక్కన 8 అని రాసి ఉంటే, మొత్తం 8 లేదా అంతకన్నా తక్కువ పడినప్పుడు అతను ఆ రోజు వస్తాడు, అంటే సుమారు నాలుగు ఆదివారాల్లో ఒకసారి. 11 అని రాసి ఉంటే నూటికి అరవై రెండు సార్లకు పైగా, 14 అయితే నూటికి తొంభై సార్లు. మీరు ఏ నియమాలతో ఆడినా ఈ లెక్కను అరువు తెచ్చుకోండి. హీరో తమ్ముడు ఫీజు కట్టాలని ఫోన్ చేసేది ఏ ఆదివారమో పాచికలే చెబితే, గేమ్ మాస్టర్ కక్షగట్టి చేశాడని ఎవరూ అనుకోరు.

విశాఖను వెనక కట్టిన తెరలా వాడకండి. డాల్ఫిన్స్ నోస్ మీదుగా ఎగిరాడు, బీచ్ రోడ్డులో దిగాడు అని రాస్తే అది ఏ ఊరైనా కావచ్చు. శక్తికి ఉన్న షరతు ఆ ఊరి నేలతో ముడిపడాలి. నేను ఊహించిన ఒక వీరురాలిని చెబుతాను. నలభై ఏళ్ల సిటీ బస్సు కండక్టర్. కదులుతున్న దేన్నైనా అరచేతితో తాకి ఆపగలదు. ఆపిన వేగమంతా ఆమె ఒంట్లో నిలిచిపోతుంది, గంటలోపు దాన్ని ఎక్కడైనా దించాలి, లేకపోతే ఎముకలు విరుగుతాయి. దించడానికి ఆమెకు తెలిసిన చోటు ఒక్కటే, సముద్రం. ఇప్పుడు గాజువాకలో సాయంత్రం ఆరింటికి బ్రేకులు తెగిన లారీని ఆమె ఆపిందనుకోండి. అక్కడినుంచి తీరం చేరాలి, ట్రాఫిక్ కదలదు, ఒళ్లంతా లారీ బరువుతో వణుకుతోంది, టికెట్ల మిషన్ ఇంకా మెడలోనే ఉంది. ఈ దృశ్యం విశాఖ తెలిసిన మీ మిత్రురాలికి ఎవరూ వివరించనక్కరలేదు. ఏ సందులోంచి పోతే తొందరగా నీళ్లు అందుతాయో ఆమే మీకు చెబుతుంది, ఆ సాయంత్రానికి ఆమే మీ మ్యాప్.

ప్రతినాయకుడిని వేరేగా వెతకవద్దు, ఆ షరతులోంచే తీయండి. ఆమె నీళ్లలో చేయి పెట్టిన ప్రతిసారీ ఒక పెద్ద అల లేస్తుంది. ఒక రాత్రి ఆ అలకు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒకతని పడవ బద్దలైంది, తమ్ముడి కాలు పోయింది. అతను చదువుకున్నవాడు, అలల వేళలు రాసుకోవడం మొదలుపెట్టాడు, వాటిని పేపర్లో వచ్చిన ప్రమాదాల వేళలతో సరిపోల్చాడు. అతను దుర్మార్గుడు కాడు, అతని లెక్క సరైనదే. ఆమె కాపాడినవాళ్లు ఆమెకు దండం పెడుతుంటే, నష్టపోయినవాడు ఒకడు నిశ్శబ్దంగా దగ్గరికి వస్తున్నాడు. ఇలాంటి మనిషి ఎదురైనప్పుడు ఏం చేయాలో మీ బల్ల దగ్గర నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు, వాదించుకుంటారు. సూపర్‌హీరో ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గంట అదే.

శక్తి ఎలా వచ్చిందన్నదాని మీద ఎక్కువ కాలం వెచ్చించకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు వచ్చిందంటే విశాఖవాళ్లకు అర్థమవుతుంది, ఆ రోజు ఎక్కడున్నారో వాళ్లకు ఇప్పటికీ గుర్తు. అయితే ఆ రోజున నిజంగా మనుషులను, ఇళ్లను పోగొట్టుకున్నవాళ్లున్నారు, మీ మిత్రురాలి ఇంట్లోనే ఉండవచ్చు. ముందు ఆమెను అడగండి.

వచ్చే ఆదివారానికి మీరు చేయవలసిన పని చాలా తక్కువ. ఒక తెల్లకాగితం మీద రేవు గీయండి. సుంకరి ఇల్లు, సత్రం, నీళ్లు అమ్మేవాడి కొట్టం, శాసనపు రాయి, వీటికి మాత్రమే చోటు చూపించండి, మిగిలిన కాగితమంతా ఖాళీగా వదలండి. ఎవరైనా ‘ఇక్కడ కమ్మరి ఉన్నాడా?’ అని అడిగితే, కాగితం వాళ్ల వైపు తిప్పి పెన్సిల్ చేతికివ్వండి, కమ్మరి ఎక్కడుంటాడో, అతనితో వాళ్ల పాత్రకు ఏమిటి సంబంధమో వాళ్లనే రాయమనండి. తమ చేత్తో రాసిన కమ్మరిని వాళ్లు ఎన్నటికీ మరచిపోరు. ప్రతి పాత్రా మరో ఇద్దరి పాత్రలతో ఒక బాకీనో ఒక రహస్యాన్నో పంచుకునేలా ఒక గంట మాట్లాడుకోండి. ఆ తర్వాత తుపాను తెప్పించండి. తెల్లవారేసరికి ఒడ్డున ఒక ఓడ పక్కకు ఒరిగి పడి ఉంటుంది, జనం ఇంకా రాలేదు, ఇసుకలో తాళ్లతో బిగించిన ఒక మూట ఉంటుంది. అందులో ఏముందో మాత్రం మీరు ముందుగా రాసిపెట్టుకోకండి. మూట ముడి విప్పింది ఎవరి పాత్రో చూసి, లోపల ఏం కనిపించిందో వాళ్లనే అడగండి.